మూసీ తీరాన గ్రీకు స్తంభాలు, ఈజిప్టు శిల

ఎల్‌.టి.సి. మంజూరు కాగానే మన భిలాయి తెలుగు కుటుంబాలలో ముందుగా వినవచ్చే ఊళ్ల పేర్లు రెండు. ఒకటి తిరుపతి, రెండవది హైదరాబాదు. దుర్గ్‌లో రైలెక్కి బల్లార్షా, కాజీపేటల మీదుగా వెళ్లిన మనవారు హైదరాబాదులో చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిరం చూస్తారు. సాయంకాలం సుల్తాన్ బజారులో చీరలు, కోఠీలో పిల్లలకు పుస్తకాలు కొంటారు. మన సుపేలా ఆదివారం సంతలో అలవడిన బేరమాడే నేర్పు అక్కడ ఎంతగానో అక్కరకు వస్తుంది. అయితే తాము బేరమాడిన ఆ అంగడి వీథికి ఆనుకొని, ఒక ప్రహరీగోడకు ఆవల, దక్షిణ భారతదేశంలోని అపురూప భవనాలలో ఒకటి ఉన్నదని ఎరిగి వెళ్లేవారు చాల తక్కువ. అదే పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ. ‘కోఠీ’ అంటే పెద్ద భవంతి. ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చినది ఈ భవంతిని బట్టియే. సుల్తాన్ బజారు సైతం ఒకప్పుడు రెసిడెన్సీ బజారుగా పేరుపొందినదే.

అక్కడికి తూర్పుగా కొద్ది మైళ్ల దూరంలో, మూసారాంబాగ్ సమీపాన, ఒక మిట్టపై నల్లరాతి స్తంభం ఒకటి నిలిచి ఉన్నది. అది ఒక ఫ్రెంచి సేనాని సమాధి. మొదటి దానిలో గ్రీసు దేశపు వాస్తు లక్షణాలు, రెండవ దానిలో ఈజిప్టు దేశపు లక్షణం స్పష్టంగా కానవస్తాయి. ఈ రెండింటినీ విడివిడిగా చూచినవారికి అవి రెండు వింతలు మాత్రమే. కలిపి చూచినవారికి దక్కను చరిత్రలోని ఒక కీలకమైన మలుపు కళ్లకు కడుతుంది. ఎక్కడి గ్రీసు, ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి మూసీ నది! ఆ రూపాలు ఇంత దూరం ఎందుకు వచ్చాయి, వచ్చి ఎవరివి అయినాయి అన్నదే ఈ వ్యాస విషయం.

రీజెన్సీ శైలి అంటే

ఇంగ్లండు రాజు మూడవ జార్జి మతి చలించి రాజ్యపాలనకు అశక్తుడు కాగా, అతని కుమారుడు 1811 నుండి 1820 వరకు ‘ప్రిన్స్ రీజెంట్’ హోదాలో రాజప్రతినిధిగా వ్యవహరించాడు. ఆ పదవి పేరు మీదుగానే ఆనాటి భవన నిర్మాణ రీతికి, గృహాలంకరణకు ‘రీజెన్సీ’ అన్న పేరు స్థిరపడింది. వాస్తు చరిత్రకారులు ఈ శైలి కాలాన్ని మరికొంత విస్తరించి, 18వ శతాబ్ది చివరి సంవత్సరాల నుండి 1830ల వరకు లెక్కిస్తారు.

ఈ శైలికి మాతృక ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో (1508–1580) రచనలు. అప్పటివరకు ప్రధానంగా దేవాలయానికి చెల్లిన స్తంభాల ముఖమంటపాన్ని, దానిపై త్రికోణ శిఖరాన్ని ఆయన ధనికుల తోటబంగళాల ముందు నిలిపాడు. అటువంటి తోటబంగళాయే ‘విల్లా’. దేవుని గుడి ముఖాన్ని మనిషి ఇంటికి తగిలించడం వలన ఆ ఇంటికి ఒక గాంభీర్యం, ఆ యజమానికి ఒక ఘనత సమకూరాయి. రెండు వందల ఏండ్ల తరువాత ఇంగ్లండు దొరలు ఆ పద్ధతిని ఆదరంతో స్వీకరించారు.

పల్లాడియో రోము శిథిలాలను చూచి నేర్చుకొన్నవాడు. తరువాతి తరాల వారు మూలానికే వెళ్లదలచారు. జేమ్స్ స్టువర్ట్, నికొలస్ రెవెట్ అనే ఇద్దరు ఏథెన్సు నగరానికి వెళ్లి, అక్కడి కట్టడాలను అంగుళాలతో సహా కొలిచి, 1762లో తమ గ్రంథం మొదటి సంపుటాన్ని ప్రకటించారు. దానితో గ్రీకు రీతిపై మోజు పెరిగింది. ఆపై 1798లో నెపోలియన్ ఈజిప్టుపై దండెత్తాడు. సైన్యంతో పాటు పండితులను, చిత్రకారులను వెంట తీసికొని వెళ్లాడు. వారిలో ఒకడైన వివాఁ దెనాఁ 1802లో తన ఈజిప్టు యాత్రాగ్రంథాన్ని సచిత్రంగా వెలువరించాడు. లండన్‌లో థామస్ హోప్ అనే కళాభిమాని తన ఇంటిలో ఒక గదిని పూర్తిగా ఈజిప్టు పద్ధతిలో అలంకరించి 1804లో సందర్శకులకు తెరిచాడు. అటు తరువాత కుర్చీల చేతులకు సింహముఖాలు, వాకిళ్లకు స్ఫింక్సులు, తోటలలో కొనతేలిన రాతి స్తంభాలు నాగరికతకు చిహ్నాలయ్యాయి. గ్రీకు, ఈజిప్టు లక్షణాలు రీజెన్సీ విల్లాలో చేరిన విధం ఇది.

ఇంగ్లండులో ఈ అభిరుచి రూపుదిద్దుకొంటున్న సంవత్సరాలలోనే హైదరాబాదులో రెసిడెన్సీ నిర్మాణం సాగడం గమనించదగిన విషయం.

1798: ఒక సంవత్సరం, మూడు సంఘటనలు

మన రెండు కట్టడాలకు ముడి వేసినది 1798వ సంవత్సరం. అప్పుడు హైదరాబాదును పాలిస్తున్నవాడు నిజాం అలీఖాన్. ఆయన కొలువులో ఫ్రెంచి దేశీయుడైన మిషెల్ జోయాకిం మరీ రేమండ్ అనే సేనాని ఉండేవాడు. 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో జన్మించిన ఈయన, నిజాం సైన్యంలో ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన దళాలను తీర్చిదిద్దాడు. ఫిరంగులను పోతపోసే కార్ఖానాను నెలకొల్పాడు. ఆబిడ్స్ సమీపంలోని ‘గన్‌ఫౌండ్రీ’ అనే పేరుకు మూలం ఆ కార్ఖానాయే. కరిగిన లోహంతోనే నిత్యం బ్రతుకు ముడిపడిన మన భిలాయి వారికి ఆ పేరు ప్రత్యేకంగా గుర్తుండదగినది.

ఆ సంవత్సరం మార్చి 25న రేమండ్ మరణించాడు. జులైలో నెపోలియన్ ఈజిప్టులో అడుగుపెట్టాడు. ఫ్రెంచివారు ఈజిప్టు మీదుగా భారతదేశానికి వస్తారేమో, వస్తే హైదరాబాదులోని ఫ్రెంచి దళాలు వారితో చేతులు కలుపుతాయేమోనని గవర్నరు జనరల్ వెల్లస్లీకి గట్టి భయం. ఆ భయమే రాజనీతిగా మారింది. సెప్టెంబరు 1న నిజాముతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. అక్టోబరు 22న, జీతాల బకాయిలతో విసిగి తమ అధికారులపై తిరగబడిన ఫ్రెంచి దళాలను ఇంగ్లీషు సేన చుట్టుముట్టగా, పదివేలకు మించిన సైనికులు రక్తపాతం లేకుండా ఆయుధాలు విడిచారు. ఆ వ్యవహారాన్ని హైదరాబాదులో నడిపించినవాడు కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. తరువాత రెసిడెన్సీ భవనాన్ని తలపెట్టినవాడూ ఆయనయే.

కనుక ఆ నల్లరాతి స్తంభం ఓడిన పక్షపు గుర్తు, ఆ శ్వేతభవనం గెలిచిన పక్షపు గుర్తు. దక్కను గడ్డపై ఆధిపత్యానికి ఇద్దరు పరాయివారు పోటీపడిన కథను ఒకటి మొదలుపెడితే రెండవది ముగిస్తుంది.

నల్లరాతి స్తంభం

ముందుగా రేమండ్ సమాధిని చూద్దాము. విశాలమైన ఎత్తయిన వేదికపై సుమారు 23 అడుగుల స్తంభం నిలిచి ఉంటుంది. నాలుగు ముఖాలతో, పైకి పోను పోను సన్నగిల్లి, కొనయందు చిన్న పిరమిడు ఆకారం దాల్చే ఈ రూపాన్ని ‘ఒబెలిస్క్’ అంటారు. ప్రాచీన ఈజిప్టులో సూర్యదేవుని ఆలయ ద్వారాలకు ఇరువైపుల ఇటువంటి వాటిని జంటలుగా నిలిపేవారు. అస్వాన్ గనులలో ఒకే శిలను తొలిచి, నైలు నదిపై తెప్పలమీద తరలించేవారు. రోమను చక్రవర్తులు వాటిలో కొన్నింటిని తమ రాజధానికి తీసికొని వెళ్లడం వలన ఐరోపా వారికి ఈ రూపం పరిచయమైంది. మరణించిన వీరునికి స్మారకంగా దీనిని నిలపడం అక్కడ ఆచారమైంది.

పారిస్‌లోని ప్రఖ్యాత ఒబెలిస్క్ ఈజిప్టు నుండి వచ్చి నిలిచినది 1836లో. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ‘క్లియోపాత్రా సూది’ని నిలిపినది 1878లో. వాటికంటె ఎన్నో ఏండ్ల ముందే మన మూసారాంబాగ్‌లో ఈ ఆకారం వెలసినది. మూలశిలలు కానప్పటికీ, ఆ రూపం ఇంత త్వరగా దక్కనుకు చేరడం ఆశ్చర్యం కలిగిస్తుంది. స్తంభంపై రేమండ్ పేరులోని ‘జె’, ‘ఆర్’ అనే పొడి అక్షరాలు తప్ప ప్రశస్తి ఏదీ లేదు. ప్రక్కనే గ్రీకు దేవాలయాన్ని స్ఫురింపజేసే స్తంభాల మంటపం ఒకటి ఉన్నది. అంటే ఈజిప్టు, గ్రీసు ఒకే వేదికపై ఇరుగుపొరుగున నిలిచాయన్నమాట. ఈ మంటపం 2001 వర్షాలకు కూలిపోగా తరువాత తిరిగి నిలబెట్టారు.

అంతకన్న విశేషం ప్రజల ఆదరణ. రేమండ్‌ను హిందువులు ‘మూసా రాం’ అనీ, ముస్లిములు ‘మూసా రహీం’ అనీ పిలుచుకొన్నారని ప్రతీతి. ‘మాన్స్యూర్’ అనే ఫ్రెంచి గౌరవవాచకం మన నాలుకపై ‘మూసా’ అయినది. మూసారాంబాగ్ పేరు అట్లే పుట్టింది. ఆయన వర్ధంతికి సమాధి వద్ద దీపాలు వెలిగించి ధూపం వేసే ఆచారం చాలకాలం సాగింది. ఈజిప్టు రాతికి దక్కను ప్రజలు అగరుధూపం వేశారు. ఏ రాజశాసనమూ చేయించని పని అది.

ఆరు స్తంభాల ముఖమంటపం

ఇక రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టినవాడు. ఫారసీ, హిందూస్తానీ భాషలలో చక్కని ప్రవేశం కలవాడు. భవనానికి స్థలం అడిగిన సందర్భాన్ని గూర్చి ఒక ముచ్చట ఆనాటి ఆంగ్లేయుల రచనలలో కనబడుతుంది. ఆయన స్థలపు పటాన్ని పెద్ద కాగితంపై గీయించి నిజాముకు చూపించగా, నిజాం నిరాకరించాడట. పటం నిజాం రాజ్యపు పటమంత పెద్దదిగా ఉండడమే అందుకు కారణమని మంత్రి తెలియజెప్పగా, కిర్క్‌పాట్రిక్ అదే నక్షాను చిన్న అట్టముక్కపై గీయించి చూపించాడట. అనుమతి వెంటనే లభించింది! నక్షాలతో నిత్యం పనిచేసే మన డిజైన్ విభాగం వారు ఈ స్కేలు మహిమను విని నవ్వుకొనక మానరు.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నక్షా సిద్ధపరచగా 1803లో పని మొదలై సుమారు 1806 నాటికి పూర్తయింది. వ్యయం నిజాం ఖజానా నుండి వచ్చింది. అయినను ముఖమంటపం పై త్రికోణంలో కొలువుతీరినది మాత్రం ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం. సొమ్ము ఒకరిది, చిహ్నం మరొకరిది. సైన్య సహకార ఒప్పందం అంటే ఏమిటో పాఠ్యపుస్తకం కన్న స్పష్టంగా ఆ త్రికోణం చెబుతుంది.

ముఖమంటపంలో సుమారు 40 అడుగుల ఎత్తుగల ఆరు స్తంభాలు ఉన్నాయి. వాటి ముందు 22 పాలరాతి మెట్లు, మెట్లకు ఇరువైపుల రెండు పెద్ద సింహాలు. మన ఆలయాల సోపానాలకు ఇరుప్రక్కల ఏనుగులనో యాళులనో చెక్కినట్లే, పడమటి దేశాలలోనూ మెట్లకు మృగాలను కావలి ఉంచే సంప్రదాయం ఉన్నది. రోము నగరంలో కాపిటోల్ కొండ మెట్ల మొదట కూర్చున్న రెండు రాతి సింహాలు ప్రాచీన ఈజిప్టు నుండి వచ్చినవే. రెసిడెన్సీ సింహాలు బ్రిటిషు అధికారానికి సంకేతాలే అయినా, వంశవృక్షం వెదకుతూ పోతే ఆ కావలి పద్ధతి నైలు నది వరకు సాగుతుంది.

గ్రీకు స్తంభాలలో మూడు ప్రధాన జాతులు. నిరాడంబరమైనది డోరిక్. శిరస్సున శంఖపు చుట్టల వంటి మెలికలు కలది అయానిక్. ఆకుల గుత్తితో అలంకృతమైనది కొరింథియన్. రెసిడెన్సీ స్తంభాలు ఈ మూడవ జాతివి. దీని పుట్టుకను గూర్చి రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ ఒక కథ చెప్పాడు. కొరింథు నగరంలో పెండ్లీడు వచ్చిన ఒక బాలిక మరణించింది. ఆమెను పెంచిన దాది, ఆ పిల్లకు ప్రియమైన వస్తువులను ఒక బుట్టలో ఉంచి, పైన పెంకు కప్పి, సమాధిపై పెట్టింది. వసంతకాలం రాగానే బుట్ట అడుగునుండి ముళ్లజాతి మొక్క మొలిచి, ఆకులు బుట్టను చుట్టుకొని, పెంకు తగిలి అంచులలో వంపు తిరిగాయి. దారిన పోతున్న శిల్పి కాలిమాకస్ దానిని చూచి స్తంభశీర్షంగా మలిచాడు. ఒక బాలిక స్మృతి నుండి పుట్టిన ఆ ఆకుల గుత్తి, ఇక్కడ వేలాది బాలికలు చదువుకొన్న ప్రాంగణానికి అలంకారం కావడం యాదృచ్ఛికమే అయినా, మనసును తాకుతుంది.

గ్రీసులో ఇటువంటి స్తంభాలు పాలరాతివి. ఇక్కడి మేస్త్రీలకు తెలిసిన విద్య వేరు. గానుగలో నూరిన సున్నం, మెత్తని గచ్చు, అద్దంలా మెరిసే పైపూత, దక్షిణాది పనివారి చేతిలో తరతరాల సొత్తు. బెల్లపు నీరు, పెరుగు, గ్రుడ్డులోని తెల్లసొన వంటివి కలిపి పాలరాయి అనిపించే నునుపు తెప్పించిన ‘మద్రాసు చునాం’ ఖ్యాతి ఐరోపా యాత్రికుల రచనలలో మార్మోగింది. గ్రీకు రూపానికి తెలుగు, దక్కనీ పనివారి సున్నం ప్రాణం పోసింది. నక్షా గీసినవాని పేరు చరిత్రలో నిలిచింది. సున్నం నూరినవారి పేర్లు నిలువలేదు. వారి పని మాత్రం రెండు వందల ఏండ్లకు పైగా నిలిచింది.

లోపల దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. చెక్కపలకల నేల, నిలువుటద్దాలు, షాండ్లియర్లు దాని ప్రత్యేకతలు. కాగితపు గుజ్జుతో చేసిన నగిషీలకు రంగులు అద్దిన పైకప్పు చూపరులను ఆకట్టుకొంటుంది. షాండ్లియర్లు కొన్ని ప్రిన్స్ రీజెంట్ భవనం నుండి వచ్చినవని చెప్పుకొంటారు. హాలుకు వెనుక, ఒకటిగా మొదలై రెండు పాయలుగా చీలి పైకి సాగే మెట్లదారి మరొక ఆకర్షణ. 1811 నుండి 1820 వరకు, అంటే ఇంగ్లండులో ప్రిన్స్ రీజెంట్ పాలన సాగిన ఏండ్లలోనే, ఇక్కడ హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉన్నాడు. ఈ భవనం పదిహేడు వందల తొంబైలలో మొదలైన అమెరికా వైట్‌హౌస్‌కు సమకాలికమనీ, ఆకృతిలో పోలిక ఉన్నదనీ పలువురు వ్రాశారు. రెండూ పల్లాడియో సంప్రదాయపు బిడ్డలే కనుక ఆ పోలిక సహజం.

రంగమహల్ కథ

ఈ భవనానికి వెనుక ఒక సంసార కథ ఉన్నది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువర్గానికి చెందిన ఖైరున్నీసా బేగంను వివాహమాడాడు. ఆమె కోసం ఆవరణలోనే రంగమహల్ అనే జనానాను దక్కను పద్ధతిలో కట్టించాడు. ఘోషాలో ఉన్న బేగం పెద్ద భవనం ముందుకు వచ్చి చూడడానికి వీలు లేనందున, దాని నమూనాను చిన్న ప్రమాణంలో తోటలో కట్టించి చూపించాడని ప్రతీతి. రంగమహల్ తరువాతి కాలంలో నేలమట్టమైంది.

వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1805లో పసివాళ్లిద్దరినీ ఇంగ్లండుకు పంపించారు. ఓడ ఎక్కేముందు మద్రాసులో చిత్రకారుడు జార్జి చిన్నరీ వారి బొమ్మ చిత్రించాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒక్క ఏండ్లు. తాను తలపెట్టిన భవనం పూర్తయిన రూపాన్ని ఆయన చూడలేదు. పిల్లలు తల్లిని మరి చూడలేదు. కిట్టీ అని పిలువబడిన కుమార్తె ఇంగ్లండులోనే పెరిగి 1889 వరకు జీవించింది. ప్రౌఢ వయస్సులో హైదరాబాదులోని అమ్మమ్మతో ఆమెకు ఉత్తరాలు నడిచాయి. చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ 2002లో వెలువరించిన గ్రంథంతో ఈ గాథ ప్రపంచమంతటా తెలిసింది. ఎత్తయిన స్తంభాల వెనుక ఇంతటి ఎడబాటు దాగి ఉన్నదని ఆ మెట్లు ఎక్కేటపుడు తలచుకొన్నవారికి, ఆ సింహాలు అంత గర్వంగా కనిపించవు.

ఆయుధాల నుండి అక్షరాలకు

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వంలో స్వాతంత్ర్య వీరులు ఈ రెసిడెన్సీపై దాడి చేశారు. దాడి ఫలించలేదు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో తూటాలకు బలి అయినాడు. మౌల్వీ అండమాను ద్వీపాలకు ప్రవాసం పంపబడ్డాడు. వారి త్యాగానికి గుర్తుగా కోఠీలో స్మారక చిహ్నం ఉన్నది. ఆ తరువాత రెసిడెన్సీ చుట్టూ రక్షణ గోడలు బలపడ్డాయి. తోటబంగళా కోటగా మారింది.

1947లో బ్రిటిషువారు వెళ్లిపోయారు. 1924లో ఏర్పడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. వైభవం ప్రదర్శించడానికి కట్టిన దర్బారు హాలు విద్యార్థినుల కలకంఠాలతో నిండింది. ఏ భవనంలో రాజ్యపు స్త్రీ ఒకతె బయటి ముఖమంటపాన్ని నమూనాలో మాత్రమే చూడగలిగినదని చెప్పుకొంటామో, ఆ భవనపు మెట్లపైనే పల్లెల నుండి, బస్తీల నుండి వచ్చిన ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని కూర్చున్నారు. ఇంతకు మించిన సద్వినియోగం ఏముంటుంది? 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. తరువాత తెలంగాణ సాయుధ పోరాట వీరవనిత చాకలి ఐలమ్మ పేరు దానికి పెట్టారు. కంపెనీ దొరల సౌధం ఒక రైతుబిడ్డ పేరుతో వెలుగొందుతున్నది.

అయితే వాడుక ఒక ఎత్తు, సంరక్షణ ఒక ఎత్తు. దశాబ్దాల తరబడి వాననీరు ఇంకి, పైకప్పు దూలాలు పుచ్చి, గచ్చు రాలి, ప్రధాన భవనం ప్రమాదకరమైన స్థితికి చేరుకొన్నది. 2002లో ప్రపంచ స్మారక నిధి సంస్థ, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీనిని చేర్చింది. ఆ తరువాత సాగిన పునరుద్ధరణ కృషిలో సిమెంటుకు బదులు సున్నపు గచ్చునే వాడి, పైకప్పు నగిషీలను సరిచేసి, మెట్లదారిని బాగుచేశారు. 2023 జనవరిలో పునరుద్ధరించిన భవనాన్ని ప్రారంభించారు. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటకు పోక గోడ కుళ్లుతుంది. సున్నం మాత్రం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. కనుక ఆ విద్య తెలిసిన పనివారు లేనిదే ఇటువంటి భవనాలకు మనుగడ లేదు. పేరులేని ఆ తొలి మేస్త్రీల విద్య తిరిగి అవసరమైన ఘట్టం ఇది.

పరాయి నమూనా, సొంత ముద్ర

భిలాయిలో ఉన్న మనకు ఈ భవనం కథ పరాయిదిగా తోచదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, వారి నక్షాలతో మన కర్మాగారం రూపుదాల్చింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. రెసిడెన్సీ కథలో అధికారం, భయం ఉన్నాయి. మన కర్మాగారం కథలో స్నేహం, సహకారం ఉన్నాయి. ఆ భేదం పెద్దది. అయినా ఒక సామ్యం ఉన్నది. నమూనా ఎక్కడినుండి వచ్చినా, దానిని నిలబెట్టినవారు, వాడుకొన్నవారు, కాపాడినవారు ఎవరో వారిదే ఆ కట్టడం. శ్రీకాకుళం నుండి, విశాఖ నుండి వచ్చి సుపేలాలో, సెక్టారులలో స్థిరపడిన మన పెద్దలు తమతో దక్షిణాది ఆలయ రీతిని తెచ్చి సెక్టారు 5లో బాలాజీ మందిరంగా నిలిపారు. నేడు అక్కడ ఛత్తీస్‌గఢీ సోదరులు మనతో సమానంగా ప్రదక్షిణలు చేస్తారు. ఆ మందిరం ఇప్పుడు కేవలం తెలుగువారిది అనగలమా?

రెండవ సామ్యం సంరక్షణకు సంబంధించినది. ఫర్నేసుకు సకాలంలో కాపిటల్ రిపేరు జరగకపోతే ఏమవుతుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. భవనానికీ అంతే. కట్టడం ఒకనాటి పని, కాపాడడం ఏనాటికానాటి పని. ఆ రెండవ పనికి ప్రారంభోత్సవాలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు. అయినా నలభై అడుగుల స్తంభాలు నిలిచేది దానివల్లనే.

ఈసారి హైదరాబాదు వెళ్లే మిత్రులు ఒక పూట ఈ రెండు కట్టడాలకు కేటాయించవలసినదిగా మనవి. మెట్రో రైలులో మియాపూర్ – ఎల్.బి. నగర్ మార్గంలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే రెసిడెన్సీ సమీపమే. అది మహిళా విశ్వవిద్యాలయ ఆవరణ కనుక అధికారుల అనుమతి పొంది లోనికి వెళ్లడం మర్యాద. తిరిగి అదే మార్గంలో మూసారాంబాగ్ స్టేషనులో దిగి, ఆటోలో రేమండ్ సమాధికి చేరుకోవచ్చును. మొదట నల్లరాతి స్తంభాన్ని, తరువాత తెల్లని ముఖమంటపాన్ని చూస్తే చరిత్ర వరుస తప్పకుండా మనసుకు ఎక్కుతుంది. పిల్లలను తప్పక వెంట తీసికొని వెళ్లండి. ఆరు స్తంభాలను లెక్కపెట్టమనండి, ఆకుల గుత్తిని చూపి కొరింథు బాలిక కథ చెప్పండి. ఆపై వీలైతే స్తంభపు గచ్చును అరచేతితో తాకి చూడమనండి. ఆ నునుపు తెచ్చిన చేయి ఏ గ్రీసు దేశానిదో, ఏ ఇంగ్లండుదో కాదని, అది మన పూర్వుల చేయి అని వారికి చెప్పండి.